ముప్పావంగుళం దిగిన చొక్కా

ఏవండీ, నేను కులాసా. సూది దిగిన వేలు మానిపోయింది, అత్తయ్యని బెంగపడొద్దనండి.

మొన్న ఇక్కడ నేను పనిచేసే టైలరు షాపులో నవ్వులపాలయ్యాను. లెక్కల మాస్టారి చొక్కా కత్తిరిస్తూ, చేతి అలవాటుకొద్దీ ఎడమ భుజం ముప్పావంగుళం దించేశాను. బస్తాలు మోసి మోసి దిగిపోయిన మీ భుజానికి నేనెప్పుడూ వదిలే కొలత అది. మాస్టారు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ ఒంగి చూసుకున్నారు. "మనిషి నిటారుగానే ఉన్నాడు కదమ్మా, చొక్కాకేమొచ్చింది?" అన్నాడు మా ఓనరు. సంగతి చెప్పేసరికి అందరూ ఒకటే నవ్వు. "సరేలే, ఆ భుజం ఎవరిదో ఆయనకే పంపించు" అన్నాడు. మాస్టారికి వేరే చొక్కా కుట్టిచ్చాను.

ఆ భుజం దిగిన చొక్కా మన వీధి లారీ డ్రైవరన్న చేతికిచ్చాను, తీసుకోండి. పిల్లదాని దగ్గు తగ్గిందా? నా మిషను మీద తడిబట్టలు పడేయకండి, తుప్పు పడుతుంది. అత్తయ్యకి నమస్కారాలు, పిల్లదానికి ముద్దులు.

బస్తాలు మానేసి ఆరు నెలలైందని రాశారు. భుజం ఇంకా దిగే ఉంటే ఈ చొక్కా అతికినట్టు కూర్చుంటుంది, లేచి ఉంటే మాస్టారికిలాగే పక్కకి ఒరుగుతుంది. తొడుక్కుని పిల్లదాని ఎదురుగా నిలబడండి. ఎలా ఉందో దాని చేతే రాయించండి. మీరు రాస్తే నమ్మను.