సొరంగంలో పేర్ల పుస్తకం

అన్నయ్యా,

నిన్న మన దీవిలో హోప్ టౌన్ కొండమీద, యుద్ధకాలంలో జపాన్‌వాళ్ళు తవ్విన, చిన్నప్పుడు మనం దాక్కున్న సొరంగంలోకి ఒకతను ఫోన్ చూసుకుంటూ దూరాడు. అనుమానమొచ్చి వెనకే వెళ్ళాను. రాళ్ళ కింద నుంచి ఒక డబ్బా తీశాడు. అందులో పేర్లు రాసిన పుస్తకం ఉంది.

"ఇది ఏ స్కీమ్ లిస్టు భయ్యా?" అన్నాను.

"స్కీమ్ కాదు దీదీ, ఖేల్ హై, ఆట. ఎవరో దాచిన డబ్బాని ఫోన్‌లో మ్యాప్ చూసి వెతకాలి. దొరికితే పేరు రాయాలి. మీరూ రాసేయండి."

నేను రాయలేదు. సునామీ తర్వాత నువ్వు ఎంతకీ రాకపోతే, గల్లంతైనవాళ్ళ లిస్టులో నీ పేరు రాయించింది నేనే. అప్పట్నుంచి ఏ లిస్టునీ నమ్మను.

అతను డబ్బాని మళ్ళీ రాళ్ళ కింద పెట్టి వెళ్ళిపోయాక, దాన్ని తీసి, పుస్తకమంతా చదివాను. నీ పేరు లేదు. వేరే పేరుతో రాశావేమోనని, నీ చేతిరాత కోసం చూస్తూ మళ్ళీ మొదట్నుంచి తిరగేశాను.