లేత్ ముందు ఎర్ర తువ్వాల

శుక్రవారం

పొద్దున తుంపర పడింది, పదింటికల్లా ఎండ కాసింది. కంప్లి నుంచి రిపేరుకు వచ్చిన హార్వెస్టర్ షాఫ్టులు రెండూ పూర్తయ్యాయి.

మా అమ్మాయి సునీత కాలేజీ పరీక్షకు మా వర్క్‌షాపునే బొమ్మ వేసింది. రేపు పొద్దున బళ్ళారిలో ఇవ్వాలి. మధ్యాహ్నం తెచ్చి పనివాళ్ళకు చూపించింది. అందరూ తమ ముఖాలు వెతుక్కున్నారు. లేత్ నడిపే మస్తానప్ప మాత్రం తన బొమ్మ చూసి ముఖం చిట్లించాడు. బొమ్మలో అతని మెడకు ఎర్ర తువ్వాల వేలాడుతోంది.

"ఏంది పాపా, నన్ను చంపేదానికే గీసినావా? తిరిగే మిషన్‌లో తువ్వాల చిక్కుకుంటే నా తలకాయ యాడుంటాది? ముప్పై ఏండ్ల పనోణ్ణి. చూసినోళ్ళు నన్ను కొత్తోడనుకోరా?"

"అందంగా ఉంటాదని ఏసినా అన్నా. ఇప్పుడెట్లా, రేప్పొద్దున ఇయ్యాల."

"అందం నా మెడకెందుకు తల్లీ, గోడకు తగిలియ్యి."

అందరూ నవ్వారు. సునీత అక్కడే కూర్చుని ఎరుపు మీద చొక్కా రంగు పూసి, వెనక గోడ మేకుకు తువ్వాల వేసింది. మస్తానప్ప చాలాసేపు చూసి, "ఇప్పుడు నేనే" అన్నాడు. సునీతకు మార్కులొచ్చినంత సంతోషం.

ఆ బొమ్మ నాలుగు రోజులు ఇంట్లోనే ఉంది. రోజూ చూశాను, బాగుందనే అన్నాను. నేనూ పదేళ్ళు లేత్ ముందు నిలబడినవాణ్ణే. ఓనరు కుర్చీలో కూర్చోవడం మొదలయ్యాక నా కన్ను తప్పుతోందేమో. షాపులో ఇంకేమేం చూడకుండా పోతున్నానో...

మస్తానప్ప ఐదున్నరకు ఇంటికి పోయాడు. సునీత బొమ్మ తీసుకుని ఆరు గంటల బస్సుకు వెళ్ళింది.