దసరా ముందు ఆదివారం అడగకు

మల్లీ,

గొర్రెలు చూడటానికి అమ్రాబాద్ వైపు పోతున్నాను. అక్కడ ఫోన్ కలవదు. మేకపిల్లలకు నీళ్లు పెట్టు. సాయంత్రం మన ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌ల తేదీలు రాగానే, హైదరాబాద్‌లో ఆడేవాటికి గోడమీది క్యాలెండర్‌లో చుక్క పెట్టు.

పోయినేడు తేదీలు రాకముందే నిన్ను స్టేడియానికి తీసుకుపోతానని మాటిచ్చాను. అది సరుకు చూడకుండా బయానా ఇచ్చినట్టయింది. అన్నీ ఆదివారాలే పడ్డాయి. నాకు గొర్రెల అంగడీ ఆదివారమే. నువ్వేమో టీవీ ముందు ఒక్కదానివే అరిచావు.

ఈసారి ఆదివారం పడినా పోదాం. ఒక్క అంగడి వదులుకుంటాను. ఏ మ్యాచో నువ్వే ఎంచుకో. దసరా ముందు ఆదివారం మాత్రం అడగకు. ఆ ఒక్కరోజు బేరం నెల రోజుల పెట్టు.

ఈ మాట చెబితే మీ నాయనమ్మ, "బంతాట కోసం అంగడి ఇడిసిపెడ్తవార, ఐలేశం?" అని తిట్టింది. నేను చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా, "జర నాగ్గూడ ఒక టికెట్ సూడు" అంది. మూడు టికెట్లు అనుకో.

బాపు

నీకు కావలసిన మ్యాచ్ దసరా ముందు ఆదివారమే పడితే, దానికీ చుక్క పెట్టు బిడ్డా. వచ్చాక బేరమాడుకుందాం.