తల కింద పెట్టిన గ్రంథం

జహీరాబాదు

తమ్ముడు యోహానుకు పెద్దక్క సువార్తమ్మ ప్రభువు పేర దీవించి రాసేది. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నీవు, మరదలు, పిల్లలు సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను. నా ఒంటికి ఏమీ లేదు, దిగులు పడవద్దు.

మొన్న మంగళవారం పొద్దున సంగతి రాస్తాను. అన్ని పొద్దుల లాంటి పొద్దే. బాగా చలి. నేను బావి నుంచి నీళ్లు తెచ్చి బిందె దించాను. మన చిన్నోడు సామేలు వాకిట్లో గోడకు అద్దం ఆనించుకొని గడ్డం గీసుకుంటున్నాడు, పాఠాలు చెప్పే బడికి వేళవుతోంది. వాడి కొడుకు కంబళిలోంచి ఇంకా లేవలేదు. వాడి భార్య మార్తమ్మ విసుర్రాయి ముందు కూర్చుంది. జొన్నలు పోసేముందు ఎప్పటిలాగే దేవుని కుండలో వేయడానికి ఒక పిడికెడు తీసింది. ఆదివారం గుడికి ఇచ్చే పిడికెడు, అమ్మ మనందరికీ నేర్పినదే.

సామేలు కత్తి ఆపి అన్నాడు: "పిల్లను తీస్కపోయినోనికి జొన్నలు గూడ గావాల్నా?"

మార్తమ్మ పిడికిలి కుండ మీదే ఆగిపోయింది. గింజలు కుండలో వేయలేదు, తిరిగి చేటలోనూ పోయలేదు. నేనే ఆమె వేళ్లు విప్పి కుండలో వేశాను.

తమ్ముడూ, ఇక్కడి నుంచి కొంచెం అమ్మకు చదివి వినిపించకు. సామేలు బిడ్డ సుగుణ జ్వరంతో పోయిందని మాత్రమే మీకు కబురు అందింది. ఆ జ్వరం వచ్చినప్పుడు సామేలు పరీక్షల పని మీద సంగారెడ్డిలో ఉన్నాడు. ఇక్కడి సంఘపెద్ద వచ్చి ప్రార్థన చేసి, పరిశుద్ధ గ్రంథం పిల్ల తల కింద పెట్టమని, విశ్వాసం ఉంటే దవాఖాన అక్కర లేదని చెప్పిపోయాడట. పిల్లలు దడుచుకుంటే అలా పెట్టడం మన దిక్కు ఉన్నదే కదా. మార్తమ్మ జ్వరానికీ అదే చాలనుకుంది. రెండు రోజులకు సామేలు వచ్చి పిల్లను ఎత్తుకొని దవాఖానకు పరుగెత్తేసరికి వేళ మించిపోయింది.

నేను ఇక్కడికి వచ్చింది ఆ సమాధి మట్టి ఆరకముందే. అప్పటి నుంచి ఇంట్లో సాయంత్రం ప్రార్థన లేదు. సామేలు స్నేహితుల దగ్గర దేవుడు లేడని చెప్పే ఏవో చిన్న పుస్తకాలు తెచ్చుకొని చదువుతున్నాడు. ఆ గ్రంథం కంటికి కనపడితే ఇంట్లో ఉండనన్నాడు. దాన్ని నా పెట్టెలో చీరల కింద పెట్టాను. వాడు తిట్టేది గ్రంథాన్ని, తగిలేది మార్తమ్మకు. ఆమె ఒక పూట తింటే ఒక పూట తినదు. రాత్రి ఉలిక్కిపడి లేచి కొడుకు నుదురు తడిమి చూస్తుంది. ఈ ఇంట్లో ఇంకొకరిని పోగొట్టుకుంటామేమోనని నా భయం.

ఆ పొద్దున సామేలు అక్కడితో ఆగలేదు. "అక్కా, ఆ గ్రంథంల యేసు సంగతి ఒక్కదాన్నే నలుగురు నాలుగు తీర్ల రాసిన్రు. గవి మనుషులు కట్టిన కతలు."

"నాయిన సచ్చిపోయిన దినం గురించి నువ్వొక తీరు చెప్తవ్, యోహాను ఒక తీరు చెప్తడు. నాయిన సావలేదా మరి? అందరు ఒక్క తీర్గ చెప్తేనే నాకు అనుమానం, కూడబలుక్కున్నరేమో అని."

"గంజ్ల కందులు చెరిగి చెరిగి మాటలు గూడ చెరుగుడు నేర్చినవక్కా."

"కత కట్టెటోడు తన సిగ్గు దాస్కుంటడు తమ్మీ. ఈ శిష్యులు దాస్కోలె. యేసును పట్కపోయినప్పుడు మేం పారిపోయినం, ఆయనెవరో ఎరుగమన్నం అని వాళ్లే చెప్పుకున్నరు."

"అయితే నా బిడ్డ ఎందుకు పోయింది?"

"నాకు తెల్వదు."

వాడు మొహం తుడుచుకొని వెళ్లిపోయాడు. నేను గంజ్‌కు, ధాన్యం అంగట్లో కందులు చెరిగే పనికి, పోయాను. అక్కడి ఆడవాళ్లు కన్నడం కలిపి మాట్లాడతారు, నాకు సగమే తెలుస్తుంది. దుమ్ముకు కండ్లు మండుతాయి. ఏడ్చినా ఎవరూ అడగరు, ఆ మేలు ఒకటుంది.

సాయంత్రం సామేలు బడి నుంచి వచ్చాక సంఘపెద్ద వచ్చాడు. చావు జరిగిన ఇంట పెట్టే ఆదరణ కూడిక ఎప్పుడు పెడదామన్నాడు. సామేలు ఆయనకు వీపు తిప్పి కూర్చున్నాడు. అప్పుడాయన అన్నాడు: "ఇంటి యజమానికి విశ్వాసం లేకపాయె. గందుకే దేవుడు పిల్లను తీస్కున్నడు."

నేను లేచి పెట్టె తెరిచి గ్రంథం తెచ్చాను. పుట్టుగుడ్డివాడు ఎవరి పాపం వల్ల అలా పుట్టాడని శిష్యులు అడిగిన చోటు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"జర చదువున్రి అయ్యా."

ఆయన చదివాడు. వాడి పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదన్న చోట గొంతు తగ్గింది.

"ప్రభువు అననిది మీరెట్ల అంటరు? రోగం ఉన్నోనికి వైద్యుడు గావాలన్నది గూడ ఆయనే. దవాఖాన వద్దని ఏడుందో సూపెట్టున్రి."

"నువ్వు నాకు బోధ చేస్తవా సువార్తమ్మా?" అని ఆయన కండువా దులుపుకొని వెళ్లిపోయాడు.

సామేలు ఆయన వదిలిపోయిన గ్రంథం వైపు చూసి అడిగాడు: "గిది గూడ గండ్లనే ఉందా?"

"ఉంది. బిడ్డలందరు పోయినాయన దేవున్ని నిలదీసింది గూడ గండ్లనే ఉంది. దాన్ని ఎవ్వరు తీసెయ్యలె."

అప్పుడు మార్తమ్మ తలుపు దగ్గర నుంచి అడిగింది. ఇన్నాళ్లకు ఆమె నోరు తెరవడం అదే. "వదినే, తప్పు గ్రంథానిదా, నాదా?"

నేను ఆమె దగ్గరికి లేస్తుంటే సామేలే అన్నాడు, ఆమె వైపు చూడకుండా: "నువ్వు నమ్మినవ్. నమ్మించినోడు గిప్పుడే లేసిపాయె."

మార్తమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. సుగుణను తీసుకుపోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదట.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చొని అనుకున్నది రాస్తున్నాను, ఇది అమ్మకు కూడా చదువు. జ్వరం ఎవరికి వచ్చినా ముందు దవాఖాన, ప్రార్థన దారిలో చేసుకోవాలి. ఆయన పెట్టే ఆదరణ కూడిక మాకు వద్దు. ఆ రెండు రోజుల మాట మార్తమ్మను ఎవరూ అడగకూడదు. వాక్యం రోజూ సాయంత్రం చదవాలి, బిడ్డలు పోయిన ఆ తండ్రి మాటలతో మొదలుపెట్టాలి. సామేలు కూర్చుంటానన్నాడు, ఆమెన్ అననన్నాడు. అడగబోమని మాట ఇచ్చాను. మీరూ వాడిని అడగవద్దు. వాడు లేచిపోకుండా కూర్చోవాలని మాత్రం ప్రార్థించండి.

అమ్మ పాదాలకు నా వందనాలు. ఆమె దీవెన ఈ ఇంటికి కావాలి. మరదలికి, పిల్లలకు నా ముద్దులు.

మీ అక్క,
సువార్తమ్మ