ఓబలప్ప మామ ఎడమ ఎముక

కె.జి.ఎఫ్.,
4-4-1985

చిరంజీవి ఆదినారాయణప్పకు మేనమామ ఓబలప్ప దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు బెంగళూరు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే చదువు చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది. రోగిని ముట్టుకోవు, సూది వెయ్యవు, పొద్దంతా చీకటి గదిలో నల్ల ఫోటోలు చూస్తావట. చీకట్లో పని నేర్చుకోవాలంటే ముప్పై ఏళ్లుగా గనిలో దిగుతున్న నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదప్పా.

విషయం ఏమంటే, గని కూలీలకు ఏటా తీసే ఛాతీ ఫోటోలో నాకు మచ్చలు కనబడ్డాయట. జూన్ ఒకటి నుంచి లోపలికి దిగవద్దు, పైన గేటు దగ్గర కుర్చీలో కూర్చో అని కాగితం ఇచ్చారు. దూలాలు నిలబెట్టి పైకప్పు ఆపినవాణ్ని, ఇంగ టిఫిన్ క్యారియర్లకు కాపలా కాయాలి. కాంపౌండరును బతిమాలి ఆ ఫోటో తెచ్చి పంపుతున్నాను. ఏమీ లేదని పెద్ద అక్షరాలతో రాసి, ముద్ర వేసి పంపు.

ఇట్లు,
ఇంకా కుర్చీ ఎక్కని మీ మామ

తా.క. నీకు ముద్ర లేకపోతే మీ పెద్ద డాక్టరుది వెయ్యి. ఆయన కునుకు తీసే సమయం నీకు తెలిసే ఉంటుంది.

బెంగళూరు,
15-4-1985

పూజ్యులైన మామకు నమస్కారాలు. మొదటి ఏడాది రెసిడెంటుకు ముద్ర కాదు కదా, కూర్చోవడానికి స్టూలు కూడా ఇవ్వరు. తడి ఫిల్ములు చాకలివాడిలా ఆరేస్తూ, ఆ మందునీళ్ల వాసనతోనే అన్నం తింటున్నాను. మీ కుర్చీ నాకు ఇప్పించండి, సంతోషంగా వస్తాను.

ఫోటో చూశాను. రెండు ఊపిరితిత్తుల పైభాగంలో ఆవాలు చల్లినట్టు మచ్చలున్నాయి. అది రాతి దుమ్ము చేసే పని. ఇంకా లోపలికి దిగితే ఊపిరి అందని రోజు వస్తుంది. ఎడమ కాలర్ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది కూడా. బీడీ మానండి, కుర్చీ ఎక్కండి, ఒకసారి ఇక్కడికి రండి.

ఇట్లు,
ఆది

తా.క. అత్తకు చెప్పవద్దని మీరు రాస్తారని తెలుసు. అందుకే ఆమెకు ముందే కార్డు వేశాను.

కె.జి.ఎఫ్.,
24-4-1985

చిరంజీవి ఫోటోల డాక్టరుకు ఆశీస్సులు. నీ కార్డు బ్రహ్మాండంగా పనిచేసింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని మీ అత్త సొన్నమ్మ కంటే ముందు కూలీల లైను ఇళ్లన్నిటికీ చదివి వినిపించాడు. ఆమె నా బీడీలను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది, మూడు పూటలా రాగి గంజి పోస్తోంది. బతికుండగానే పరామర్శలు చూసే భాగ్యం ఎవరికి దొరుకుతుంది చెప్పు. గనిలో మా గ్యాంగులో పనిచేసే సీనప్ప అయితే అరడజను కోడిగుడ్లు తెచ్చి, దగ్గుతూ దగ్గుతూ నాకే ధైర్యం చెప్పి పోయాడు.

నా ఒంట్లో ఏ ఎముకా ఏనాడూ విరగలేదు. కావాలంటే మీ అమ్మను అడుగు. లేని విరుపును చూసిన కళ్లే మచ్చలనూ చూశాయి. పుస్తకం తిరగేసి మళ్లీ చదువు. ఇంగ ముప్పై ఎనిమిది రోజులే ఉన్నాయి.

ఇట్లు,
గంజి తాగుతున్న మామ

తా.క. ఆ కోడిగుడ్లను మీ అత్తే తింటోంది. దిగులుకు మంచివట.

బెంగళూరు,
6-5-1985

పూజ్యులైన మామకు నమస్కారాలు. మీ కోరిక ప్రకారం మళ్లీ చదివాను. మా ప్రొఫెసరు మేలుకొని ఉండగానే చూశారు. మచ్చలు మచ్చలే, విరుపు విరుపే, పదేళ్ల నాటిది అన్నారు. నిరుడు దీపావళి రాత్రి మీరు మెట్లమీద పడ్డారని అత్త రాసింది. అలాంటి దీపావళే ఇంకొకటి మీకు గుర్తు లేకుండా జరిగి ఉంటుంది.

మామా, వెటకారం పక్కన పెట్టి రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. నాన్న పోయాక నన్ను చదివించింది మీరు. ఈ నెలాఖరులోగా రాకపోతే గని డాక్టరుకు నేనే ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
ఆది

తా.క. మీ ఫోటోను తరగతిలో పెట్టి పాఠం చెప్పారు. ఎముక సంగతి మొదట పట్టింది నేనేనని మెచ్చుకున్నారు. మా వంశంలో మీ ఛాతీ వల్లే ఇంత పేరు వచ్చింది.

కె.జి.ఎఫ్.,
18-5-1985

చిరంజీవి డాక్టరు ఆదినారాయణప్పకు ఆశీస్సులు. గని డాక్టరుకు రాయవద్దు. ఆ ఫోటోలో ఉన్నది నేను కాదు.

ఫోటో రోజున నేను ఆవని ఊరి పశువుల జాతరలో ఎద్దుల పళ్లు చూస్తున్నాను. నా నంబరున్న ఇత్తడి బిళ్ల గ్యాంగుకు ఇచ్చి, ఎవరో ఒకరు నా బదులు నిలబడండి అని చెప్పి పోయాను. అక్కడ మొహం చూడరు, బిళ్ల నంబరే చూస్తారు. ఎవరు నిలబడ్డారో నేనూ అడగలేదు. అందరూ గట్టివాళ్లే కదా, ఫోటోలు తారుమారై ఉంటాయి అనుకున్నాను. నిజం రాస్తే నిలబడినవాడి కూడు పోతుందని దాచాను.

నీ ఉత్తరంలో పదేళ్ల నాటి విరుపు అన్న మాటను రెండుసార్లు చదివాను. పదకొండేళ్ల కింద గనిలో పైకప్పు రాయి జారితే, నన్ను అవతలికి తోసి దాన్ని ఎడమ భుజం మీద వేసుకున్నవాడు సీనప్ప. వాడింటికి పోయి చొక్కా గుండీ విప్పి తడిమి చూశాను. నువ్వు రాసినట్టే వంకరగా ఉంది.

"నా బిళ్లతో నువ్వు నిలబడితివి. నీ బిళ్లతో ఎవురు నిలబడినార్రా?" అని అడిగాను.

"మా అల్లుడన్నా, బేతమంగళ బస్సు కండక్టరు. నాకు దగ్గు ఉండాది కదా, ఫోటోలో పడితే లోపలికి దిగనీరు" అన్నాడు.

"మరి నా దాంట్లో పడదా?"

"నీ ఛాతీ మంచిది కదన్నా. నీ నంబరు మింద మంచిదే వస్తాదనుకుంటిని."

నవ్వాలనుకున్నాను, ఏడుపొచ్చింది. నా కోసం విరిగిన ఎముకను పదకొండేళ్లు పక్కనే పెట్టుకుని తిరిగాను. వాడి దగ్గు వింటూ గుడ్లు తీసుకున్నాను. చీకటి గదిలో కూర్చున్న నీకు కనబడింది, పక్కనున్న నాకు కనబడలేదు. నీ చదువును ఎగతాళి చేసినందుకు ఏమీ అనుకోవద్దప్పా.

గని డాక్టరు దగ్గరికి ఇద్దరం పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పినాము. గంటసేపు తిట్టి, చివరికి గేటు కుర్చీ సీనప్పకు రాశాడు. నన్ను మళ్లీ ఫోటో తీయించుకోమన్నాడు. సోమవారం మొదటి బస్సుకు ఇద్దరం నీ దగ్గరికి వస్తున్నాము.

ఇట్లు,
మామ

తా.క. ఈసారి నా బదులు ఎవరినీ పంపడం లేదు. నమ్మకం లేకపోతే దిగగానే ఎడమ ఎముక తడిమి చూసుకో. వంకరగా ఉన్నవాడికి ముందు కుర్చీ వెయ్యి, నేను నిలబడతాను.