ముప్పై నిమిషాల అక్క

జులై 7, సోమవారం
పొద్దున 8:10. కోరుట్ల బస్టాండ్. జగిత్యాల బస్సు ఇంక రాలె.

హైదరాబాద్ల రెండు రోజుల ట్రైనింగ్ అయిపోయింది. సబ్జెక్టు: హెచ్‌ఐవీ మందులు వాడేటోళ్లల్ల పర్సనాలిటీ డిజార్డర్ ఉన్న పేషెంట్లను ఎట్ల చూసుకోవాలె. ఒక్కొక్కల స్వభావమే ఒక తీరుగ బిగుసుకపోయి ఉంటదట. ఇయ్యాల నువ్వే దేవతవంటరు, రేపు నువ్వే దయ్యమంటరు. అలిగి మందులు బంద్ పెడ్తరు. అది పొగరు కాదు, బాధ అని చెప్పింది ట్రైనింగ్ మేడం. డాక్టర్ తేల్చకముందు మనమే ఎవలికి ఆ పేరు పెట్టద్దని గూడ చెప్పింది. అప్పటికే నేను నోట్‌బుక్కుల ఆరు పేర్లు రాసుకున్న. అండ్ల ఒకటి మా ఆయన తోడబుట్టిన ఆడిబిడ్డది.

నేను కౌన్సిలర్ని. జగిత్యాల హెచ్‌ఐవీ మందుల సెంటర్ల రెండేండ్ల సంది పని. ఇయ్యాల్టి సంది నియమాలు:
ఒకటి, మనిషికి ముప్పై నిమిషాలే.
రెండు, సొంత ఫోన్ నంబర్ ఇయ్యద్దు.
మూడు, సిస్టర్ ఒక మాట, నేనొక మాట చెప్పద్దు.
నాలుగు, తిడితె ఉడకద్దు, పొగిడితె పొంగద్దు.

గోడ లెక్క ఉంట. బస్సు వచ్చింది.

జులై 8, మంగళవారం
కళ్యాణి వచ్చింది. (అసలు పేరు కాదు. డైరీల గూడ అసలు పేరు రాయ.) ముప్పై ఏండ్లు. సిరిసిల్లల బీడీలు చుడ్తది. అక్కడ ఎవలన్న గుర్తుపడ్తరని రెండు బస్సులు మారి జగిత్యాలకు వస్తది. మొగడు లేడు. తల్లితోని ఉంటది. రెండేండ్ల కింద ఎవలి మీదనో అలిగి మూడు నెలలు గోలీలు మానేస్తె టీబీ వచ్చి ముప్పై నాలుగు కిలోలకు దిగింది. అప్పుడే నాకు పరిచయం.

10:20. టోకెన్ లేకుంట ముందుకు వచ్చింది. నర్సు రాణి సిస్టర్ ఆపితె, "నీకు మనసు లేదు" అన్నది.
10:45. నా రూముల కూసున్నది. "అక్కా, ఈ సెంటర్ల మనిషివి నువ్వొక్కదానివే."
పొంగలె. 31 నిమిషాలు. ఒక్క నిమిషం లెక్కల వెయ్యను.
పోయెటప్పుడు నా నంబర్ అడిగింది. సెంటర్ నంబర్ ఇచ్చిన. మొహం చిన్నగ చేసుకున్నది. నేను గోడ.

నాలుగు నియమాలు పాస్. ఇంటికొచ్చి మా ఆయన భాస్కర్‌కు చెప్పిన. "మంచిదే, నాతోని గూడ ముప్పై నిమిషాలేనా?" అన్నడు.

జులై 11, శుక్రవారం
సెంటర్‌కు పొద్దటి సంది ఆరు ఫోన్లు. ఆరూ కళ్యాణియే. ఆరోసారి రాణి సిస్టర్ రిసీవర్ నా చేతుల పెట్టి పోయింది.

"అక్కా, నీతోని మాట్లాడకుంటె గోలి గొంతు దిగుతలేదు. నిన్న మింగలె."

సొంత నంబర్ ఇచ్చిన.

నియమం తప్పినట్టు కాదు. అత్యవసరం. పైగా ఒక్క మనిషికే. ట్రైనింగ్ మేడం సిరిసిల్ల నుంచి రెండు బస్సుల మీద వచ్చే మనిషిని చూసి ఉండదు.

జులై 15, మంగళవారం
మెసేజ్‌లు: పొద్దుగాల గులాబీ పువ్వు, శుభోదయం. మధ్యాహ్నం తిన్నవా అక్కా. సాయంత్రం మూడు ఫోన్లు. బియ్యం కడుగుకుంట మాట్లాడిన. కూర మాడింది.

చివరి మెసేజ్: "నువ్వు దొరకకుంటె నేను ఉండకపోదును."
రెండుసార్లు చదివిన. అబద్ధమెందుకు, మూడుసార్లు.

ముప్పై నిమిషాలంటె కుర్చీల కూసున్నప్పటి లెక్క. ఫోన్‌కు నియమం రాసుకోలె కదా.

జులై 18, శుక్రవారం
కళ్యాణి ఫోన్ల ఏడ్సింది. మొన్న వచ్చినప్పుడు రాణి సిస్టర్ అందరి ముంగట తన పేరు పెట్టి గట్టిగ పిలిచిందట. అక్కడ వాళ్ల సిరిసిల్ల దిక్కు వీర్నపల్లి ఊరోళ్లు ఇద్దరు కూసోని ఉన్నరట.

నా ఒళ్లు మండింది. మందుల రూముకు పోయి అందరి ముందే అడిగిన. "పేరు పెట్టి పిలుస్తరా సిస్టర్? గీ చోట?"

రాణి సిస్టర్ నన్ను చూసింది. "పదమూడేండ్ల సంది ఈడ టోకెన్ నంబరే పిలుస్తున్న. నన్ను ఒక్క మాట అడిగినవా స్వర్ణలతా?"

అడగలె. రోజు కలిసి తినేటోళ్లం, ఇయ్యాల మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా ఆమె వేరే తిన్నది.

మూడో నియమం పోయింది. కాని న్యాయం కోసం పోయింది.

జులై 22, మంగళవారం
డాక్టర్ జీవన్ సార్ మమ్మల్ని ఇద్దరిని పిలిచి చాయ్ తెప్పిచ్చిండు. "కళ్యాణి మీకేం చెప్పిందో ఒక్కొక్కలు చెప్పుండ్రి" అన్నడు.

నాకు చెప్పింది: రాణి సిస్టర్‌కు మనసు లేదు.
రాణి సిస్టర్‌కు చెప్పింది: స్వర్ణలత మేడం మిమ్మల్ని పని దొంగ అన్నది.
సార్‌కు చెప్పింది: ఇద్దరూ తనను పట్టించుకుంటలేరు, సార్ ఒక్కడే దిక్కు.

ముగ్గురం చాయ్ దిక్కు చూసినం. అంటె సార్‌కు గూడ గులాబీ పువ్వులు వస్తున్నయి. నేనొక్కదాన్నే అనుకున్న. ఎందుకో చెప్పరాని కష్టమనిపిచ్చింది.

"కావాలని ఆడించుడు కాదిది" అన్నడు సార్. "ఎవలు ఇడిసిపెట్టి పోతరో అని భయం. అందుకని అందరిని గట్టిగ పట్టుకుంటది, లేకుంటె ముందుగాల తనే తోసేస్తది. మనం ముగ్గురం ఒక్కటే మాట మీద ఉంటె ఆమెకు నేల దొరుకుతది."

తీర్మానం: ఫోన్లు పది నుంచి ఒంటిగంట దాక, సెంటర్ నంబర్‌కే. కళ్యాణికి నేను చెప్పాలె.

రాణి సిస్టర్‌కు తప్పయిందని చెప్పిన. "సరే తీ" అన్నది. డబ్బా మాత్రం ఇంక వేరేనే.

జులై 24, గురువారం
సాయంత్రం 5:30. చెప్పిన. ఫోన్ల నెమ్మదిగనే మొదలుపెట్టిన.

"అంటె నువ్వు గూడ అంతే" అన్నది కళ్యాణి. "నీకు జీతం వస్తది కాబట్టి మాట్లాడినవ్. నీ మొగనికి తెలుసా నువ్వెంత నాటకాలదానివో?"

ఇగ నాకేమైందో. "నాకు గూడ ఇల్లున్నది, సంసారమున్నది. నువ్వొక్కదానివేనా పేషెంట్‌వి? మింగుతె మింగు, లేకుంటె లేదు."

ఫోన్ కట్ అయింది. ఎవలు కట్ చేసిన్రో గుర్తులేదు. నేనే కావచ్చు.

నాలుగో నియమం. ఇంక మిగిలిందేం లేదు.

జులై 29, మంగళవారం
ఫిర్యాదుల డబ్బాల కళ్యాణి రాసిన నాలుగు పేజీల ఉత్తరం, ఎప్పుడొచ్చి వేసి పోయిందో. నా మీద. "పౌడర్ పూసుకున్న పాము" అని ఉన్నది. అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి. సార్ చదివి, నాతోని జవాబు రాపిచ్చి, ఫైల్ల పెట్టిండు. నాకు ఏడ్పు రాలె. "మింగుతె మింగు" అన్న ముచ్చట ఉత్తరంల ఎక్కడా లేదు. అది ఒక్కటే నిజంగ నా తప్పు. అది ఒక్కటే రాయలె.

ఆగస్టు 6, బుధవారం
జులై 8 నాడు ఇచ్చిన ముప్పై గోలీలు ఇయ్యాల్టికి అయిపోవాలె. రాలె. ఫోన్ స్విచ్ ఆఫ్.

బరువు చూసే మిషన్ దిక్కు చూస్తుంటె ముప్పై నాలుగే కనబడ్తున్నది.

ఫైల్ల తల్లి మల్లక్క నంబర్ ఉన్నది. రాకుంటె అమ్మకు చెప్పుండ్రని కళ్యాణియే సంతకం పెట్టి ఇచ్చింది. సార్‌ను అడిగి, సార్ ముంగటనే ఫోన్ చేసిన. మల్లక్క గొంతు తగ్గించి మాట్లాడింది. "గోలీలు బంద్ పెట్టి పది రోజులైంది మేడం. డబ్బా బియ్యం గంపల దాసిపెట్టింది. నన్ను ముట్టనిస్తలేదు."

ఇంటికి రాను, పక్కింటోళ్లు అడుగుతరు అని చెప్పిన. సిరిసిల్ల బస్టాండ్ల కలుస్తనన్న. రాణి సిస్టర్ ఒక్క మాట అన్నది: "పో. కాని అక్కడ కొత్త నంబర్లేం ఇయ్యకు."

ఆగస్టు 7, గురువారం
వేములవాడ మీదికెళ్లి పోయిన. ఒకటే వాన. 11:40కి సిరిసిల్ల.

మల్లక్క బెంచి మీద ఉన్నది. కళ్యాణి నాలుగు బెంచీల అవతల, మొహానికి చున్నీ కట్టుకోని. నేనే లేచి పోయి పక్కన కూసున్న.

"ఎందుకొచ్చినవ్? నీ నౌకరి పోతదనా?"
"గా భయం గూడ ఉన్నది."
నిజమే చెప్పిన. అప్పుడు నా దిక్కు తిరిగింది.

"మింగుతె మింగు అన్న. గట్ల అనద్దుండె. తప్పు నాదే."
మొహం వాన దిక్కు తిప్పుకున్నది.
"కాని సాయంత్రం ఫోన్ ఎత్తను కళ్యాణి. పది నుంచి ఒంటిగంట దాక ఎవలు ఎత్తినా ఒక్కటే మాట చెప్తం."
"ఎత్తకుంటె గోలీలు మింగ."
"మింగకుంటె నాకు బాధైతది. ఫోన్ మాత్రం ఎత్తను."

బస్సులు వచ్చినయి, పోయినయి. చున్నీ కొస ముడి వేసుకుంట, ఇప్పుకుంట కూసున్నది. తర్వాత మెల్లగ లెక్క చెప్పింది. ఆరేండ్ల కింద కాన్పుకు పోతె రక్తం పరీక్షల బయటపడ్డది. పిల్ల దక్కలె. అప్పుడు ఒక మేడం చెయ్యి పట్టుకోని, నేనున్న బిడ్డా అన్నది. నాలుగు నెలలకు బదిలీ. తర్వాత ఇంకొక మేడం, పెండ్లయి పోయింది. ఇంకొక సారు, చెప్పకుంటనే పోయిండు. మందులకు పోతె కుర్చీల వేరే మనిషి.

"నువ్వెప్పుడు పోతవ్?"

ట్రైనింగ్ల ఈ ప్రశ్నకు జవాబు చెప్పలె. "తెల్వదు" అన్న. "పోయేటట్టుంటె నెల ముందు నీకు చెప్త. వచ్చేటోళ్లను నీ ముంగట కూసోబెట్టి పోత."

ఆమె నమ్మిందో లేదో. "నీ చీర మంచిగ లేదు" అన్నది. లేచి తల్లి దగ్గరికి పోయింది.

ఆగస్టు 11, సోమవారం
10:50. కళ్యాణి వచ్చింది. టోకెన్ తీసుకున్నది. ముందు నిలబడ్డ మేడిపల్లి ముసలాయనతోని లైన్ గురించి కొట్లాడింది. కాని లైన్లనే ఉన్నది.

సార్ చూసి, రక్తం పరీక్ష రాసి, గోలీలు మళ్ల మొదలుపెట్టిచ్చిండు. మనసు డాక్టర్ దగ్గరికి బుధవారం రమ్మన్నడు. "చూస్త" అన్నది. మందుల కిటికీ దగ్గర నాకు ఇనబడెటట్టు చెప్తున్నది: "రాణి సిస్టర్, ఈడ మనిషివి నువ్వొక్కదానివే."

నాకు కుళ్లు పుట్టింది. డైరీ కాబట్టి రాస్తున్న.

రాణి సిస్టర్ ఏం అన్నదంటె: "మేమందరం ఒక్కటే. టోకెన్ చూపియ్యి." మధ్యాహ్నం ఆమె డబ్బా తెచ్చి నా టేబుల్ మీద ఇప్పింది. వంకాయ కూర.

సాయంత్రం 7:10. ఇల్లు. ఫోన్ మోగింది. కళ్యాణి. పొయ్యి మీద పప్పు. భాస్కర్ నా మొహం చూస్తున్నడు. మోగి మోగి ఆగింది. మళ్ల మోగింది. చేతులు కొంగుల చుట్టుకోని నిలబడ్డ. ఆగింది.

7:25. మెసేజ్: "ఎత్తుతవేమో అని చూసిన. గోలి మింగిన."

జవాబు టైపు చేసిన. చెరిపేసిన. రేపు పదింటికి సెంటర్ ఫోన్ తోని చెప్త.

నియమాలు, మళ్ల మొదటి రోజు.