అంచులు పోయిన పదకొండు బొమ్మలు

కీర్తిశేషులు పొట్నూరు యేసుదాసు గారి భార్యను, పలాస-కాశీబుగ్గ నివాసిని, రిటైర్డు డ్రాయింగు టీచరు పొట్నూరు జీవరత్నమ్మ అనే నేను, అరవై ఏడో ఏట స్వయంగా రాసుకున్న వీలునామా ఇది. వారానికి మూడుసార్లు డయాలసిస్ మంచమెక్కే మనిషిని. ఒంట్లో ఓపిక లేదు గాని బుద్ధి నిలకడగానే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

1. నా ఇల్లు, నందిగాం దగ్గరి జీడితోట మా చెల్లెలి కూతురు జాయ్‌కి సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యతా ఆమెదే. మా మరిది క్రాంతికుమార్ కోర్టుకెక్కితే ఎక్కనివ్వండి. నేను జబ్బుపడ్డాక ఒక్కసారి వచ్చాడు, అదీ తోట పాసుపుస్తకం ఎక్కడుందని అడగడానికి.

2. నా దగ్గర పన్నెండు లితోగ్రాఫులున్నాయి. సెలవుల్లో బరోడా, కలకత్తా తిరిగి, ఈ కాలపు చిత్రకారుల దగ్గర ఒక్కొక్కటిగా కొన్నవి. వాటిని క్యాలెండరు బొమ్మలనవద్దు. చిత్రకారుడు రాతిపలక మీద జిడ్డు పెన్సిలుతో గీసి, కొన్ని ప్రతులే అచ్చు తీసి, రాయిని అరగదీసేస్తాడు. కింది అంచులో పెన్సిలుతో ప్రతి సంఖ్య వేసి సంతకం చేస్తాడు. ఆ సంతకమే దానికి సాక్ష్యం.

3. పదకొండింటికి ఆ అంచు లేదు. 2004లో మా పెళ్లిరోజుకి నన్ను సంతోషపెట్టాలని, నేను టెక్కలి ట్రైనింగులో ఉండగా, మా ఆయన వాటిని ఫ్రేములు కట్టే ఢిల్లీరావుకిచ్చారు. అతను దేవుడి పటాలకు కోసినట్టే కోశాడు. "కింద ఏటో పెన్సిలు గీతలున్నాయి టీచరమ్మా, సుబ్బరంగా ఉంటాదని కోసీసినాను" అన్నాడు. విశాఖలో ఒక గ్యాలరీ వాళ్లు సంతకాలు లేవని వద్దన్నారు. మా ఆయన మీద కోపం చూపలేక పద్దెనిమిదేళ్లు ఢిల్లీరావుతో మాట మానేశాను. అది నా తప్పే.

4. రెండేళ్లుగా ఆసుపత్రిలో నాదీ, డయాలసిస్‌కే వచ్చే ఢిల్లీరావుదీ పక్కపక్క మంచాలు. సూదులు గుచ్చాక నాలుగు గంటలు కదలడానికి లేదు, చూడటానికి ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ లేదు. మాట్లాడక ఏం చేస్తాను? రాయి సంగతంతా చెప్పాను. "అయితే ఆ రాయి మరి లేదేటి?" అన్నాడు. లేదన్నాను. తర్వాత వారం రోజులు నా వైపు చూడలేదు.

5. ఆ పదకొండు బొమ్మలూ ఆ గోడకే ఇస్తున్నాను. జాయ్ పెద్ద డాక్టరు గారి అనుమతి తీసుకుని, పడుకున్నవాళ్లకు కనబడే ఎత్తులో పెట్టించాలి. సంతకాలు లేవు కనుక ఎవరూ ఎత్తుకుపోరు.

6. పన్నెండోది, అలల మీద ఒంటరి తెప్ప బొమ్మ. అప్పుడు బీరువాలో ఉండిపోయి బతికింది. దాన్ని ఢిల్లీరావుకిస్తున్నాను. మాలో ఎవరు ముందో తెలియదు. అతనే ముందు పోతే అతని భార్య వరహాలమ్మకి చెందాలి. ఫ్రేము మాత్రం అతనే కట్టుకోవాలి.

7. సాక్షి సంతకం తానే పెడతానన్నాడు. బొమ్మ పుచ్చుకునేవాడు సాక్షిగా ఉండకూడదని ప్లీడరు చెప్పారు. చిన్నబుచ్చుకున్నాడు. అందుకని ఈ కాగితాలను అట్టకు కుట్టే పని అతనికే అప్పజెప్పాను. సంతకాల కింద నాలుగు వేళ్ల అంచు వదిలాను. ఢిల్లీరావూ, అది కొయ్యకు.

పలాస, 14-11-2024
(సంతకం) పొట్నూరు జీవరత్నమ్మ

సాక్షులు:
1. యామిని, డయాలసిస్ నర్సు, పలాస
2. త్రినాథ్, రిటైర్డు హిందీ మాస్టారు, రావివలస